ఆ దాడిని ఆకస్మికం అనకండి

జూన్ 22 వచ్చిందంటే సోవియట్ యూనియన్‌పై హిట్లర్ దాడి గురించి పోస్టులు కనిపిస్తాయి. వాటిలో 'ఆకస్మికంగా' అనే మాట తప్పకుండా ఉంటుంది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగినవాణ్ణి నేను. చాలా ఏళ్లు ఆ మాటను నేనూ నమ్మాను. ఇప్పుడు అది కంటబడితే కోపం వస్తుంది. ప్రాణాలకు తెగించి ముందే కబురు పంపిన మనుషులను ఆ ఒక్క మాట తుడిచిపెట్టేస్తోంది.

1941 జూన్ 17, అంటే దాడికి ఐదు రోజుల ముందు. బెర్లిన్‌లో జర్మన్ వైమానిక శాఖలో అధికారిగా ఉంటూనే నాజీలను ఎదిరించిన హారో షుల్జ్-బాయ్‌సెన్ చేరవేసిన సమాచారం స్టాలిన్ బల్ల మీదికి వచ్చింది. సన్నాహాలన్నీ పూర్తయ్యాయి, దెబ్బ ఏ క్షణమైనా పడవచ్చు అన్నది దాని సారాంశం. వీడు సమాచారం ఇచ్చేవాడు కాదు, తప్పుదోవ పట్టించేవాడు అని స్టాలిన్ ఆ కాగితం మీదే రాశాడు. తల్లిని ఎత్తి తిట్టిన బూతు కూడా ఉంది, దాన్ని ఇక్కడ రాయలేను. తర్వాతి ఏడాది ఆ అధికారి నాజీలకు దొరికిపోయాడు. 1942 డిసెంబరులో ఉరితీశారు. అప్పటికి 33 ఏళ్లు.

టోక్యోలో జర్మన్ రాయబారికి ఆప్తుడిగా మెలుగుతూ సోవియట్ గూఢచారి రిచర్డ్ సోర్గె కూడా హెచ్చరించాడు. బ్రిటిష్ ప్రధాని చర్చిల్ ఏప్రిల్‌లోనే కబురు పంపాడు. స్టాలిన్‌కు అన్నీ కుట్రగానే తోచాయి. జూన్ 14న సోవియట్ ప్రభుత్వ వార్తా సంస్థ టాస్ యుద్ధ వదంతులను ఖండించింది. దాడి జరిగిన రాత్రి కూడా సరుకు రైళ్లు సరిహద్దు దాటి జర్మనీ వైపు వెళుతూనే ఉన్నాయి.

వచ్చిన సమాచారమంతా గందరగోళంగా ఉందనీ, కొందరు చెప్పిన తేదీలు ఏమీ జరగకుండానే గడిచిపోయాయనీ స్టాలిన్ అభిమానులు అంటారు. నిజమే. జర్మన్లు కావాలనే అబద్ధాలు వదిలారు. కానీ తాలును, గింజను వేరుచేయగలిగిన వాళ్లు ఏమయ్యారు? సైనిక గూఢచార విభాగానికి అధిపతులుగా పనిచేసిన బెర్జిన్, ఉరిత్స్కీ ఇద్దరినీ 1938లో కాల్చి చంపారు. ఆ కుర్చీలో కూర్చున్న గోలికోవ్ 1941 మార్చి 20న ఇచ్చిన నివేదిక చదివితే గుండె తరుక్కుపోతుంది. జర్మన్ దాడి పథకాల గురించి అందిన సమాచారాన్ని అందులో పూసగుచ్చినట్టు రాశాడు. చివరికొచ్చేసరికి, ఈ వసంతంలో యుద్ధం తప్పదనే మాటలు బ్రిటిష్ వాళ్లో, బహుశా జర్మన్లో పుట్టించిన పుకార్లని తేల్చేశాడు. యథార్థవాది లోకవిరోధి అంటాం. అక్కడ యథార్థవాదికి తూటా సిద్ధంగా ఉండేది. అంత భయం పెంచిన మనిషికి నిజం ఎవరు చెబుతారు?

మొదటి రోజే దాదాపు 1,200 సోవియట్ విమానాలు ధ్వంసమయ్యాయి, చాలావరకు నేల మీదే. ఆ ఏడాది ముగిసేసరికి 30 లక్షల మందికి పైగా సోవియట్ సైనికులు బందీలయ్యారు. వాళ్లలో అత్యధికులు ఆకలితో, చలితో, తూటాలతో చనిపోయారు.

ఆ సెప్టెంబరులో, జపాన్ ఇప్పట్లో దాడి చేయదని సోర్గె తెలియజేశాడు. ఈసారి విన్నారు. తూర్పు నుంచి మాస్కో రక్షణకు బలగాలను తరలించడానికి ఆ మాట తోడ్పడింది. అక్టోబరులో ఆయన జపాన్ పోలీసులకు పట్టుబడ్డాడు. అప్పటికే, జూలై 3 నాటి రేడియో ప్రసంగంలో, ఒకరిపై ఒకరు దాడి చేసుకోకూడదన్న ఒప్పందాన్ని జర్మనీ అనుకోని విధంగా తెంచిందని స్టాలిన్ దేశానికి చెప్పేశాడు. అలా చెప్పాక, ముందే హెచ్చరించినవాడు తమ మనిషేనని ఎలా ఒప్పుకుంటాడు? 1944 నవంబరు 7న, రష్యా విప్లవ దినోత్సవం నాడే, సోర్గెను టోక్యో జైలులో ఉరితీశారు. సోవియట్ యూనియన్ వీరుడనే బిరుదు 1964లో ఇచ్చారు, స్టాలిన్ పోయిన పదకొండేళ్లకు.