ఉలువాటులో పాప పరిహారం

బాలీ యాత్ర ఎక్కడ మొదలైనా ఉలువాటులోనే ముగియాలన్నది పర్యాటక శాస్త్రంలో తిరుగులేని సూత్రం. పొద్దున కెరటాల మీద స్వారీ, సాయంత్రం గుడి దగ్గర రామాయణం, రాత్రికి విమానం. అన్ని రోజులూ బీచ్ క్లబ్బుల్లో మూటగట్టుకున్నదంతా ఆ ఒక్క సాయంత్రంతో మాఫీ. ఇంత చవకైన ప్రాయశ్చిత్తం మన ధర్మశాస్త్రకారులకు తట్టకపోవడం విచారకరం.

స్వారీ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉలువాటు కెరటాలు పగడపు దిబ్బల మీద విరుగుతాయి. నేర్చుకునేవారికి కూటా ఇసుక తీరమే క్షేమం. అయినా ఈత రాని మనిషి సర్ఫ్ బోర్డు పట్టుకుని ఫొటో దిగడాన్ని ఏ చట్టమూ ఆపలేదు.

అసలు ఘట్టం కెచక్ అనే రామాయణ నృత్యనాటకం. సముద్రం మీదికి ఒరిగిన కొండ అంచున, పొద్దుగూకే వేళకు, గళ్ల పంచెలు కట్టిన పదుల మంది మగవాళ్లు వలయంగా కూర్చుని "చక్ చక్" అంటూ గొంతులతోనే వాద్యగోష్ఠి నడుపుతారు. సీతాపహరణం జరుగుతుంది, హనుమంతుడు మంటల్లోంచి దూకుతాడు. మనవాళ్లు మాత్రం పట్టాభిషేకం లేకుండా పంపేశారని నొచ్చుకుంటారు. టికెట్ కొన్నాక ఉత్తరకాండ దాకా రావాలి కదా!

ఇంతకంటే పెద్ద ఫిర్యాదు మరొకటుంది. ఈ ప్రాచీన నాట్యాన్ని పర్యాటకం చెడగొట్టిందట. ఫిర్యాదుదారులకు సవినయంగా ఒక చరిత్ర పాఠం: కెచక్ ఈ రూపానికి వచ్చింది 1930లలో. పూనకం తెప్పించే సంఘ్యాంగ్ క్రతువులోని బృందగానానికి రామకథను జోడించి, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్, బాలీ నర్తకుడు వాయన్ లింబక్ వంటివారు దాన్ని విదేశీ అతిథులకు చూపేందుకు తీర్చిదిద్దారు. అతిథుల కోసమే పుట్టినదాన్ని అతిథులు చెడగొట్టడమంటే, పెళ్లివారు తిని విందును పాడుచేశారనడమే. బాలీ వాళ్లకు ఈ గందరగోళం లేదు. దేవుడి ముందు ఆడేవి వేరు, జనం కోసం ఆడేవి వేరని ఎప్పుడో విడదీసుకున్నారు. 2015లో యునెస్కో జాబితాకెక్కిన తొమ్మిది బాలీ నాట్యాల్లో సంఘ్యాంగ్ ఉంది, కెచక్ లేదు. గుడి ఉత్సవంలో, టికెట్ లేకుండా, కుర్చీలు లేకుండా జరిగేదాన్ని చూసే తీరిక మనకెక్కడిది? విమానం వేళవుతోంది.

ఈ వ్యవహారమంతటిలో పారదర్శకంగా వ్యాపారం చేసేది ఒక్క ఉలువాటు గుడి కోతులే. కళ్లజోడు లాక్కుంటాయి, తినేది చేతికందాక వదులుతాయి. వయసొచ్చిన కోతులు ఏ వస్తువుకు ఎంత గిరాకీ ఉందో కనిపెట్టి, ఖరీదైనదానికి మెరుగైన బేరం కోరుతున్నాయని 2021లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. సంస్కృతి, ప్రామాణికత వంటి మాటలు అవి ఎత్తవు. లోపల హనుమంతుడు ధర్మం కోసం లంక కాలుస్తుంటే, బయట ఆయన వంశం సెల్‌ఫోను విడుదలకు షరతులు మాట్లాడుతుంటుంది.

కాబట్టి నాదొక విన్నపం. 2024 ఫిబ్రవరి నుంచి బాలీ ప్రభుత్వం ప్రతి విదేశీ పర్యాటకుడి దగ్గరా సంస్కృతి, ప్రకృతి పరిరక్షణ పేరిట 1,50,000 ఇండోనేషియా రూపియాలు వసూలు చేస్తోంది. ఆ వసూలు బాధ్యతను ఉలువాటు కోతులకు అప్పగించాలి. ఎగవేతలు ఒక్కటీ ఉండవని హామీ ఇవ్వగలను.