కంచె వెనక కారు తుక్కు కాదు

పక్కింటి ఆవరణలో ఒక పాత కారు ఉంది. టైర్లలో గాలి లేదు, రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరిపోయింది, బానెట్ కింద పిల్లి పిల్లల్ని పెట్టింది. ఇది తుక్కా, కాదా? మామూలు మనిషిని అడిగితే ఒక్క చూపులో చెప్పేస్తాడు. ఇంత ముఖ్యమైన విషయం అంత తొందరగా తేలిపోకూడదనే, దాన్ని శాసనకర్తలకు అప్పగించారు.

వాళ్లు శ్రద్ధగా లెక్క కట్టారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం రోడ్డెక్కే యోగ్యత గానీ, ఎక్కించే ఉద్దేశం గానీ లేని పాత బండ్లు రెండు ఒకచోట చేరితే అది జంక్‌యార్డు, అంటే తుక్కు బండ్ల యార్డు; లైసెన్సు తీసుకోవాలి. ఇంకాస్త ఈశాన్యంగా వెళ్తే మెయిన్ (Maine) అనే రాష్ట్రం. అక్కడ రిజిస్ట్రేషన్ లేనివి మూడు చేరితేనే 'వాహనాల శ్మశానం'. అంటే ఆ రెండు కార్లే ఒకచోట వ్యాపారం, ఇంకోచోట ఇంటివాడి సొంత వ్యవహారం. ఇక ఉద్దేశం సంగతి. బానెట్ ఎత్తి చూస్తే అది కనపడదు. ప్రపంచంలో ఏ మూల ఏ యజమానిని అడిగినా ఒకటే మాట: 'తుక్కేంటి సార్, రిపేరుకు పెట్టాను.' పదేళ్లుగా రిపేరులో ఉన్న బండిని అనుమానించడానికి ఎంత కఠిన హృదయం కావాలో ఆలోచించండి.

బండ్లను ఊడదీసి తలుపులొక పక్క, బంపర్లొక పక్క పోగేస్తే లెక్కలోకి రామని అనుకునే తెలివైనవాళ్లుంటారు. న్యూయార్క్ చట్టం వాళ్లకూ దారి మూసేసింది. విడిభాగాలన్నీ కలిపితే రెండు బండ్లంత పరిమాణం అయితే అదీ యార్డే. ఈ వాక్యం రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకుని సైలెన్సర్ల కుప్ప చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ, 'రెండు బండ్లంటే చిన్నవా, పెద్దవా?' అని పై అధికారికి ఫోన్ చేయడం నా కళ్లకు కట్టినట్టు కనపడుతోంది. యజమానికేం, నిబ్బరంగా ఉంటాడు. 'లారీలతో కొలవండి సార్. ఆ లెక్కన ఇంకా సగం కూడా కాలేదు.'

సరే, యార్డు అని తేలింది. ఇప్పుడేం చెయ్యాలి? తీసెయ్యాలా? ఛ, అంత మొరటు పని ఎవరు చెప్పారు? దాచాలి. అదే న్యూయార్క్ చట్టం యార్డు చుట్టూ కనీసం ఎనిమిది అడుగుల కంచె కట్టమంటుంది. అడ్డంగా కొండ ఉన్నా, చెట్లు ఒత్తుగా ఉన్నా కంచెలో సడలింపు ఇవ్వొచ్చని కూడా ఒప్పుకుంది. ఆకురాలు కాలం వస్తే ఎలా అని అడిగే కుళ్లుబోతులకు నా దగ్గర సమాధానం లేదు.

ఈ దాచే సిద్ధాంతం కొత్తది కాదు. 1965లో అమెరికా కేంద్ర ప్రభుత్వం రహదారుల సుందరీకరణ చట్టం తెచ్చింది. ప్రధాన రహదారులకు 1,000 అడుగుల లోపు ఉన్న జంక్‌యార్డులు కారులో పోయేవాళ్ల కంటపడకుండా కప్పెయ్యాలి, లేదా తరలించాలి. పారిశ్రామిక వాడలకు మినహాయింపు. అక్కడ జనం కళ్లు ఎలాగూ అలవాటుపడి ఉంటాయి కాబోలు. 1,001వ అడుగు దగ్గర పడున్న కారు మాత్రం ప్రకృతిలో భాగం.

కంచెకు ఉన్నది ఒక్కటే లోపం. అది నిలువుగా ఉంటుంది. ఇంజనాయిల్ ఏమో కిందికి పోతుంది. బ్రేక్ ఆయిల్, కూలెంట్, బ్యాటరీలోని యాసిడ్, సీసం, వీటికి చట్టం చదివే అలవాటు లేదు. వాన పడితే నేలలోకి దిగి, కంచె కింద నుంచి పక్కవాడి బావి వైపు నడుస్తాయి. బావిలో నీళ్లు పైనుంచి చూస్తే బాగానే కనపడతాయి కాబట్టి అది సుందరీకరణ పరిధిలోకి రాదు.

దోమ పైనుంచి పోతుంది. పాత టైరులో నిలిచిన నాలుగు చుక్కల నీళ్లు దానికి చాలు. నీళ్లు ఎండిపోయినా డెంగీని మోసుకొచ్చే ఏడిస్ జాతి దోమ గుడ్లు నెలల తరబడి బతికుంటాయి. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో అదే జాతికి చెందిన ఆసియా పులిదోమ స్థిరపడినట్టు గుర్తించారు. ఆసియా నుంచి దిగుమతైన పాత టైర్లలో వచ్చిందని శాస్త్రవేత్తలు చెబుతారు. సముద్రం దాటొచ్చినదానికి ఎనిమిది అడుగులు ఏ మూలకి?

యూరప్ వాళ్లు కాస్త లోతుగా వెళ్లారు. 2000లో తెచ్చిన నిబంధనల ప్రకారం బండిలోని ద్రవాలన్నీ తోడెయ్యాలి, బ్యాటరీ తియ్యాలి, బండి అప్పగించిన యజమానికి విధ్వంస ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే కారుకు డెత్ సర్టిఫికెట్. అయినా అక్కడ ఏటా 35 లక్షల దాకా బండ్లు ఆచూకీ లేకుండా మాయమవుతున్నాయని యూరోపియన్ కమిషనే చెప్పింది. కంచె అవసరమే లేకుండా కనపడకుండా పోవడం! సిద్ధాంతపరంగా ఇది అత్యున్నత దశ.

ఈ నిబంధనలన్నిటికీ అతీతమైన బండ్లు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వం పట్టుకున్నవి. భారత సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, పట్టుకున్న బండ్లను పోలీస్ స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచి ప్రయోజనం లేదు, ఫొటోలు తీసుకుని, బాండు రాయించుకుని ఇచ్చెయ్యమని. అయినా స్టేషన్ ఆవరణల్లో బండ్లు తుప్పు పడుతూనే ఉన్నాయి. వాటిని తుక్కు అనకండి, తప్పు. అవి సాక్ష్యాలు. స్టీరింగ్ మీదుగా తీగ పాకితే సాక్ష్యం ఇంకాస్త బలపడుతుంది. పైగా ప్రహరీ కూడా ఉంది.

ఇదంతా చదివాక నాకూ భయం పట్టుకుంది. మా ఇంట్లో కదలని బండి ఒకటుంది (రిపేరుకు పెట్టాను). మొన్న మా బావమరిది ఫోన్ చేసి, తన పాత కారు కొన్నాళ్లు మా ఆవరణలో పెట్టుకోనా అని అడిగాడు. రెండోది వస్తే న్యూయార్క్ లెక్కన మనం యార్డు కింద లెక్క, లైసెన్సు కావాలి, ఎనిమిది అడుగుల కంచె కట్టాలి అని ఓపిగ్గా వివరించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, 'అయితే బావా, మెయిన్‌లో నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?'