ఇంజినుకు తలంటు

బెంగళూరు నీటి బోర్డుకు ఇంతవరకూ ఎవరూ సన్మానం చేసినట్టు లేదు. ఆ పుణ్యమేదో నేనే కట్టుకుందామనుకుంటున్నాను. మైసూరు పేటా తలపాగా, శాలువా, గంధపు దండ, పళ్ళబుట్ట, అన్నిటికీ చిక్‌పేటలో ధరలు కూడా కనుక్కొని వచ్చాను. సన్మానపత్రం మాత్రం నా సొంత రచన. ఇది దాని చిత్తుప్రతి అనుకోండి.

2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని జనం ఫోన్లు పట్టుకు కూర్చున్న రోజుల్లో, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బోర్డు హుకుం వేసింది. బుద్ధి రాకపోతే ఆపైన ఇంకో 500. మొదట్లోనే 22 ఇళ్ళవాళ్ళ దగ్గర లక్షా పదివేలు రాబట్టారు కూడా. 2025 ఫిబ్రవరిలో అదే హుకుం మళ్ళీ వచ్చింది. వంద కిలోమీటర్ల అవతలి నుంచి, దగ్గర దగ్గర అయిదు వందల మీటర్ల ఎత్తుకు పంపులెక్కించి తెచ్చుకుంటున్న కావేరిని కారు నెత్తిన గుమ్మరించడమేమిటి అని అందరూ తలలూపారు. నీళ్ళు మిగిలాయని సంతోషించారు. నీళ్ళ సంగతి సరే, ఆ దెబ్బతో ఎన్ని ఇంజిన్లు బతికిపోయాయో ఎవరైనా లెక్క కట్టారా?

మనకు మురికి కనబడగానే నీళ్ళు గుర్తొస్తాయి. అది మన సంస్కారం, కాదనను. బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ ఎలా ఉంటుంది? ఒళ్ళంతా నూనె. దానిమీద ఔటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల దుమ్ము, నలుగుపిండిలా మందంగా. ఇక కుంకుడు రసం ఒక్కటే తక్కువ. ఆ దృశ్యం చూసిన ఏ తెలుగువాడికైనా తలంటి పోయాలని చెయ్యి లాగకపోతే వాడి పెంపకంలోనే ఏదో లోపం ఉన్నట్టు.

నా పెంపకంలో లోపం లేదు. 2022లో ఆయుధపూజ ముందురోజు సాయంత్రం, ఆఫీసు నుంచి వస్తూ వస్తూ, దారిలో ఒక వాషింగ్ సెంటర్ దగ్గర ఆపాను. బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయలు, బంతిపూలు అప్పటికే డిక్కీలో ఉన్నాయి. పైన ఇన్ని అలంకారాలు చేస్తూ లోపల ఇంత మకిలి ఉంచితే అమ్మవారు ఏమనుకుంటుంది? కుర్రాడు బానెట్ ఎత్తాడు, నీళ్ళ తుపాకీ ఎక్కుపెట్టాడు. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు గుప్పున ఆవిరి లేచింది. ఎంత తృప్తి అనిపించిందో! నల్లటి నీళ్ళు కారుతుంటే నా పాపాలే కారిపోతున్నట్టు నిలబడి చూశాను. ఇంజిన్ షోరూంలో ఉన్నట్టు మెరిసింది. పూజ చేశాం, గుమ్మడికాయ కొట్టాం, నాలుగు నిమ్మకాయలూ తొక్కించాం.

మర్నాడు మారతహళ్ళి బ్రిడ్జి ఎక్కుతుంటే కారు దగ్గడం మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లలో ఒకటి సమ్మెలో ఉంది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం కూడా వెలిగింది. స్పార్క్ ప్లగ్గులు కూర్చునే గుంటల్లో నీళ్ళు నిలిచి, ప్లగ్గుకు కరెంటు అందించే ఒక కాయిల్ పోయిందట. మెకానిక్ ఒకటే ప్రశ్న అడిగాడు: "కడిగించారా సార్?" డాక్టరు "తాగుతారా?" అని అడిగినట్టే అడిగాడు. నేనూ అలాగే నేలచూపులు చూశాను. దిష్టి తీయించిన ఖర్చు నూట యాభై, దిష్టి తగిలిన ఖర్చు నాలుగు వేల చిల్లర.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పాలి. సన్మానపత్రంలో శాస్త్రం లేకపోతే బోర్డు ఇంజనీర్లు చిన్నబుచ్చుకుంటారు. కారు టైరులో గాలి ఒత్తిడి 33 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషర్ కూడా 1,500 దాకా కొడుతుంది. బానెట్ కింద వైర్ల కనెక్టర్లకు రబ్బరు సీళ్ళు ఉంటాయి, నిజమే. అవి వానజల్లును, రోడ్డు మీంచి చిమ్మే నీళ్ళను ఆపడానికి పెట్టినవి. తుపాకీ గురికి నిలబడతామని అవి ఎక్కడా సంతకం పెట్టలేదు. అదీగాక, అప్పుడే నడిపి తెచ్చిన కారులో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటుంది, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి వందల్లో ఉంటుంది. దోసె పోసే ముందు పెనం మీద నీళ్ళు చిలకరించి చుయ్‌మనే చప్పుడు వినడం అందరం చేసే పనే. కాకపోతే పెనం బీటలిస్తే ఇంకో పెనం కొనుక్కుంటాం.

అంచేత అనుభవం మీద చెబుతున్నాను. మా వీధిలో ఆ 5,000 భయంతో నీళ్ళ తుపాకులు మూగబోయిన ఆ వేసవిలో ఒక్క కారూ దగ్గలేదు. ఇన్సూరెన్సు కంపెనీలు చేయలేని పని కరువు చేసింది.

ఈ వాదన మా చిన్నాన్నకు నచ్చలేదు. ఆయనది మదనపల్లె పక్క పల్లె. టమోటాల సీజన్లో ట్రాక్టరు, సీజను కానప్పుడు రాజకీయాలు. మొన్నామధ్య మా ఇంటికొచ్చి, బానెట్ ఎత్తి చూసి, ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఇది కారా, వడల బాండలా?"

"నీళ్ళు కొట్టకూడదు చిన్నాన్నా."

"ఏమిరా, ఇనుముకు జలుబు చేస్తాదా? కిరసనాయిలు చల్లి, పైపు పట్టు. మా ట్రాక్టరును చెరువు గట్టుకు తోలి ముప్పై ఏండ్లుగా అట్లే కడుగుతుండా."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ పాతకాలం డీజిల్ ఇంజినుకు స్పార్క్ ప్లగ్గు లేదు, కాయిల్ లేదు, కంప్యూటర్ అసలే లేదు. దానికి తలంటు ఏమిటి, గంగాస్నానం చేయించినా తుడుచుకుని దుక్కికి వెళ్తుంది. మా కారు అలా కాదు. ఒళ్ళంతా సెన్సార్లు, ప్రతి ప్లగ్గు నెత్తినా ఒక కాయిల్. కార్పొరేట్ స్కూల్లో చదివిన పిల్లల్లా కాస్త తడిస్తే ముక్కు చీదుతుంది. కిరసనాయిలు సంగతి మరీ ఘోరం. సుమారు 38 డిగ్రీల దగ్గరే అది అంటుకునే ఆవిరి వదులుతుంది. రబ్బరు గొట్టాలు దాన్ని పీల్చి ఉబ్బుతాయి. పెట్రోలైతే చెప్పనే అక్కర్లేదు. ఇదంతా చిన్నాన్నకు వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, "నీకు బీటెక్ మెకానికల్ సీటుకు పోసిన డబ్బులతో ఇంకో ట్రాక్టరు వచ్చుండేది" అన్నాడు.

పౌరుషానికి పోయి, ఆ ఆదివారమే పని మొదలుపెట్టాను. నీళ్ళు కొట్టకుండా. ముందు అసోసియేషన్ అనుమతి కావాలి. మా సెక్రటరీ గారు నన్ను సగం అనుమానంగా, సగం ఆశగా చూసి, ఎస్టీపీలో శుద్ధి చేసిన మురుగునీళ్ళయితే అభ్యంతరం లేదని, అదీ అర బకెట్టని తేల్చి, పనిలో పనిగా తన ఎలక్ట్రిక్ కారు కూడా కాస్త చూడమన్నారు. దాని బానెట్ ఎత్తితే నారింజ రంగు లావుపాటి కేబుళ్ళు కనబడ్డాయి. వందల వోల్టులు. అంతే గౌరవంగా మూసేశాను. ఆయనకు పదవీకాలం ఇంకా రెండేళ్ళుంది.

రాత్రంతా నిలిపి ఉంచిన కారు. చెయ్యి పెడితే చల్లగా ఉంది. బానెట్ ఎత్తగానే మొదట కనబడింది మురికి కాదు, సంసారం. అద్దం కింద వైపర్ల దగ్గర గుల్‌మొహర్ ఆకులు కుళ్ళి ఎరువైపోయి ఉన్నాయి. వాన నీళ్ళు పోవాల్సిన కన్నం పూర్తిగా మూసుకుపోయింది. బ్యాటరీ పక్కన ఎలుక కట్టుకున్న గూడు: బానెట్ లోపలి దుప్పటి కొరికి తీసిన దూది, సగం బిస్కెట్ ప్యాకెట్టు, ఒక పల్లీ తొక్క, మా పక్క ఫ్లాటువాళ్ళ డెలివరీ బిల్లు. డబుల్ బెడ్‌రూమ్ లేదు గానీ వాస్తు బాగానే ఉంది. ఓ వైరు మీద పళ్ళ గాట్లున్నాయి, రాగి ఇంకా బయటపడలేదు. గ్లవ్స్ వేసుకుని, మాస్కు పెట్టుకుని, ఆ గూడును ఒక కవరులోకి ఎత్తి కట్టేశాను. దీనికి తుపాకీ కొడితే ఏమయ్యేది? ఆ దూదంతా తడిసి ముద్దై ఇంకో మూలకు చేరేది, నేను శుభ్రమైందని చప్పట్లు కొట్టేవాణ్ణి.

పది నంబరు స్పానరుతో ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాను. పాజిటివ్ ముందు విప్పబోయి స్పానరు బాడీకి తగిలిందంటే నిప్పులు రాలతాయి. తర్వాత కవర్లు. కర్ణాటక 2016లోనే క్యారీ బ్యాగులు నిషేధించింది, మా వంటింటి తలుపు వెనక మాత్రం ఇంకా తరగలేదు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు ఒకటి, గాలి పీల్చే గొట్టానికి ఒకటి, ఫ్యూజుల పెట్టెకు ఒకటి, కాయిళ్ళ మీద ఒకటి, రబ్బరు బ్యాండ్లు వేసి ముడివేశాను. చిన్నాన్న చూసి "పెండ్లికూతురికి ముసుగులేసినట్టుండాది" అన్నాడు.

ఆపైన పని పాత టూత్‌బ్రష్షుది, చిరిగిన బనియన్‌ది. మధ్యతరగతి ఇంట్లో బనియన్ మసిగుడ్డగా మారడానికి ఇంతకన్నా గౌరవమైన సందర్భం దొరకదు. నీళ్ళలో కలిసే రకం డీగ్రీజర్‌ను, అంటే జిడ్డు వదిలించే మందును, ముందు బ్రష్షు మీద చల్లుకుని, ఒక్కో జానెడు మేర రుద్ది, ఆరిపోకముందే తడిగుడ్డతో తుడిచెయ్యడం. ఆరితే తెల్లటి చారికలు పడతాయి. బెల్టు జోలికి పోకూడదు, జారుడు పట్టుకుంటుంది. బ్యాటరీ టెర్మినల్ మీద పచ్చగా, తెల్లగా పూసిన ఉప్పును కప్పు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి తోమితే పండక్కి పాలు పొంగినట్టు బుసబుస పొంగి దిగిపోయింది. ఆ ఒక్క క్షణం చిన్నాన్న కళ్ళల్లో కాస్త మర్యాద కనబడింది.

రెండు గంటలు, పద్ధెనిమిది గుడ్డలు, అర బకెట్టులో సగం నీళ్ళు ఖర్చయ్యాయి. మురికి నీళ్ళు కాలవలోకి పారబోద్దామని చిన్నాన్న బకెట్టు ఎత్తాడు. మా వీధి వాన కాలవ రాజకాలువ అనే పెద్ద కాలవలో కలుస్తుంది, రాజకాలువ బెళ్ళందూరు చెరువులో. ఆ చెరువు నురగలు కక్కడం, 2017, 2018లో ఏకంగా మంటలు అంటుకోవడం దేశమంతా చూసింది. మన ఇంజిన్ నూనె కూడా దానికి నైవేద్యం పెట్టడం ఎందుకు? గుడ్డలను కవరులో కట్టాం. మిగిలిన మురికినీళ్ళు డబ్బాలో పోసి గ్యారేజీకి పంపుదామని పక్కన పెట్టాం. ఆ డబ్బా ఇప్పటికీ బాల్కనీలో తులసికోట పక్కనే ఉంది. అడక్కండి.

మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి కనెక్టర్లు ఆరబెట్టాను. ఈ సంగతి ఆమె ఈ వ్యాసం చదివితేనే తెలుస్తుంది. కవర్లన్నీ విప్పి, లెక్కపెట్టి, వైరు బిగించి, కారును బేస్‌మెంట్ నుంచి ఆరుబయటికి తోసుకెళ్ళి స్టార్ట్ చేశాను. మూసి ఉన్న చోట ఇంజిన్ ఆడిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. కారు దగ్గలేదు. పసుపు దీపం వెలగలేదు. బ్యాటరీ వైరు ఊడదీసినందుకు గడియారం మాత్రం పన్నెండు గంటల దగ్గర తెల్లమొహం వేసుకుంది.

చిన్నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, ఇంజిన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దాని పైమూత, అదే వాల్వ్ కవర్, అంచు దగ్గర వంగాడు. అక్కడ కొత్తగా మెరుస్తున్న లోహం మీద, వెంట్రుకంత సన్నగా, నూనె గీత ఒకటి దిగుతోంది. మూత కింద నూనె ఆపే పట్టీ, గ్యాస్కెట్, కారుతోంది. ఎన్నాళ్ళ నుంచో కారుతూనే ఉంది, ఇన్నాళ్ళ మకిలి కింద కనబడలేదంతే. పెద్ద లీకు కాకముందే బయటపడింది కదా అని నేను లోలోపల పొంగిపోతున్నాను.

"సూసినావా," అన్నాడు చిన్నాన్న, వేలితో తుడిచి నాకు చూపిస్తూ. "నిన్నటిదాకా బాగుండె. నువ్వు ముట్టుకున్నావు, కారబట్టె."

సన్మానానికి ముఖ్య అతిథిగా ఆయన్నే పిలుద్దామనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.