బోర్డు మహిమ

రెండు గదుల బడికి ‘ఇంటర్నేషనల్’ అని, నాలుగు మంచాల నర్సింగ్ హోమ్‌కి ‘మల్టీ స్పెషాలిటీ’ అని బోర్డు పెడితే మనలో కొందరు ముసిముసిగా నవ్వుతారు. అజ్ఞానం. ఈ విద్యకు ఒక ఆదిగురువు ఉన్నాడనీ, ఆయన గుడి అమెరికాలో పదివేల అడుగుల ఎత్తున ఇప్పటికీ నిలబడి ఉందనీ వాళ్ళకు తెలియదు. గుడి పేరు టేబర్ ఒపేరా హౌస్, అంటే పేరుకు సంగీత నాటకాల హాలు. ఊరు కొలరాడో రాష్ట్రంలోని లెడ్‌విల్. మొన్న వేసవిలో డెన్వర్ వచ్చిన అమ్మానాన్నలను కారెక్కించుకుని, రెండు గంటలు కొండ దారి పట్టి దర్శనం చేసుకొచ్చాను. కాబట్టి ఈ విషయంలో నా మాటే ప్రమాణం.

ముందు స్థలపురాణం. హోరేస్ టేబర్ ఆ ఊళ్ళో కొట్టు నడిపేవాడు. పోస్టుమాస్టరూ ఆయనే. 1878లో గని తవ్వుకునే ఇద్దరు జర్మన్లు వచ్చి అరువు అడిగితే తిండి సామాను ఇచ్చి, ఏదైనా దొరికితే అందులో మూడో వంతు నాది అన్నాడు. మన ఊళ్ళలో కిరాణా అరువిచ్చినవాడికి చివరికి ఖాతా పుస్తకం మిగులుతుంది. ఈయనకు వెండి గని మిగిలింది. ఆ వాటాను మరుసటి ఏడు 10 లక్షల డాలర్లకు అమ్మేశాడు.

డబ్బొచ్చింది, ఇక గౌరవం రావాలి. ఊళ్ళో సారా కొట్లకూ జూదానికీ లోటు లేదు. లోటల్లా పెద్దమనుషులు ఇల్లాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళగలిగే చోటుకే. నాటకశాల అని బోర్డు పెడితే చర్చికి వెళ్ళేవాళ్ళు గుమ్మం తొక్కరు. నాటకాలంటే చెడిపోయినవాళ్ళ వ్యవహారమని అక్కడా నమ్మకం. మనమేం తక్కువ తినలేదు, వేషాలేసేవాడికి పిల్లనివ్వని రోజులు మరీ పాతవి కావు. అదే ‘ఒపేరా హౌస్’ అంటే పాపం అంటదు. అందుకే అప్పట్లో అమెరికాలో ఎన్నో చిన్న ఊళ్ళు తలా ఒక ఒపేరా హౌస్ కట్టుకున్నాయి. వాటిలో గారడీలు, ఉపన్యాసాలు, ఏడుపు నాటకాలు, బ్యాండు మేళాలు జరిగేవి. ఒపేరా మాత్రం ఎప్పుడైనా చుట్టపుచూపుగా వచ్చేది.

లెడ్‌విల్‌కి రైలు 1880లో వచ్చింది, ఒపేరా హౌస్ 1879లోనే వచ్చేసింది. ప్రాధాన్యతలంటే అలా ఉండాలి. సామాను బళ్ళ మీద కొండెక్కించి 100 రోజుల్లో మూడంతస్తులు లేపారు. (మా ఊళ్ళో కళాక్షేత్రానికి కొబ్బరికాయ కొట్టడానికే అంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది. ఇప్పుడందులో చీరల ఎగ్జిబిషన్లు దివ్యంగా జరుగుతున్నాయి.) కింద కొట్లు, మధ్య అంతస్తులో కళ, పైన లాడ్జింగ్ గదులు, వాటిలోంచి పక్క హోటల్లోకి వంతెన. ‘కాంప్లెక్స్’ మన రియల్ ఎస్టేట్ వాళ్ళు కనిపెట్టిందనుకునేవాళ్ళు గమనించగలరు.

నవంబర్ 20న ప్రారంభం. వేసింది హాస్యనాటకం. అయితే ముందు రాత్రే ఊరి జనం కొందరు జైల్లోంచి ఇద్దరిని లాక్కెళ్ళి ఉరి తీశారు. ఆ దెబ్బకు తొలి రోజు హాలు పలచబడిందట. అంతటి ఉచిత ప్రదర్శన చూశాక టికెట్ కొని నవ్వమంటే ఎవరు నవ్వుతారు?

నాన్నకు ఒపేరా అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. “మన పద్యనాటకం లాంటిదే నాన్నా. మాట్లాడాల్సింది కూడా పాడతారు.”

“అయితే వన్స్ మోర్‌లు ఉండేవా?”

ఆ ఊరి రసజ్ఞత వేరని చెప్పాను. 1882లో ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ అంతటివాడు వచ్చి ఈ వేదిక మీదే గని కూలీలకు కళ గురించి ఉపన్యసించాడు. బెన్వెనూటో చెలీనీ అనే పాత ఇటలీ శిల్పి గురించి చెబితే, ఆయన్ని వెంట తీసుకురాలేదేం అని అడిగారట. పోయాడన్నాడు వైల్డ్. “ఎవరు కాల్చారు?” అన్నారట. ఇదంతా వైల్డే తర్వాత చెప్పుకున్నాడు. అదే ఊళ్ళో ఒక సారా హాల్లో పియానో మీద ‘దయచేసి పియానో వాయించే ఆయన్ని కాల్చకండి, చేతనైనంత చేస్తున్నాడు’ అని రాసి ఉందట. తాను చూసిన కళావిమర్శ పద్ధతుల్లో తర్కానికి నిలిచేది అదొక్కటే అన్నాడు. నాన్న కాసేపు ఆలోచించి, “మన హార్మోనిస్టుకి కూడా పెట్టాల్సింది అలాంటి బోర్డు. వన్స్ మోర్ కొట్టి కొట్టి తెల్లారేదాకా వాయించి చంపేవాళ్ళం” అన్నారు.

టేబర్ ఒకదానితో ఆగలేదు. 1881లో డెన్వర్‌లో ఇంకా పెద్దది కట్టాడు. అందులో షేక్‌స్పియర్ బొమ్మ పెడితే, “ఈయన డెన్వర్‌కి ఏం చేశాడు? తీసేసి నా బొమ్మ పెట్టండి” అన్నాడని ఒక కథ ఉంది. నిజమో కల్పితమో గానీ, మన ఫ్లెక్సీల కాలంలో నమ్మడానికేం ఇబ్బంది లేదు. ఆ భవనాన్ని 1964లో పడగొట్టి అక్కడ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు కట్టారు.

1893లో ప్రభుత్వం వెండి కొనడం మానేసింది. ధర కుప్పకూలింది, టేబరూ కూలిపోయాడు. ఆఖర్న డెన్వర్‌లో మళ్ళీ పోస్టుమాస్టర్‌గా పనిచేస్తూ 1899లో పోయాడు. లెడ్‌విల్ భవనం 1901లో ఎల్క్స్ అనే సంఘం చేతికి వెళ్ళింది. వాళ్ళు బోర్డు మీద పాత పేరు చెరిపేసి తమ పేరు రాసుకున్నారు. ‘ఒపేరా హౌస్’ జోలికి మాత్రం వెళ్ళలేదు. లౌక్యం తెలిసినవాళ్ళు.

ఇంకో ముచ్చట. టేబర్ కష్టకాలంలో తోడున్న భార్యకు విడాకులిచ్చి 1883లో ఒక అందగత్తెను పెళ్ళాడాడు. పెళ్ళికి అమెరికా అధ్యక్షుడు వచ్చాడు. ఈ సంసారం కథనే 1956లో నిజంగానే ఒపేరాగా కట్టి ఆడారు. లెడ్‌విల్‌లో కాదు, అదే రాష్ట్రంలో సెంట్రల్ సిటీ అనే మరో చిన్న ఊరి ఒపేరా హౌస్‌లో!

లెడ్‌విల్ భవనం మిగిలిందంటే పుణ్యం ఒక రిటైర్డ్ టీచరమ్మది. కూల్చేస్తారేమోనని 1955లో ఆవిడా కూతురూ కలిసి కొనేశారు. 2016లో ఊరే 6 లక్షల డాలర్లకు కొనుక్కుని బాగు చేయించుకుంటోంది.

హాలు చూపించే అమ్మాయి మమ్మల్ని వేదిక ఎక్కనిచ్చింది. నాన్న ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీల వంక చూసి, కండువా సర్దుకుని, కృష్ణుడి పద్యం ఒకటి ఎత్తుకున్నారు. మూడు పాదాలు బ్రహ్మాండంగా సాగాయి. నాలుగో పాదం చివర రాగం తీయబోతే పదివేల అడుగుల ఎత్తున ఊపిరి అందక, ‘ఆ’ దగ్గరే ఆగిపోయి కుర్చీ కోసం చెయ్యి చాపారు. ఆ అమ్మాయి మురిసిపోయి చప్పట్లు కొడుతూనే ఉంది.

అమ్మ నా భుజం తట్టింది. “ఒరేయ్, ఆ పిల్లకి ఇంగ్లీషులో చెప్పు. వన్స్ మోర్ మాత్రం అనొద్దను.”