మామిడిని పాలల్లో ముంచకండి

ఉగాదికి కలిసినా, బతుకమ్మ ఆడినా, విదేశాల్లోని మన సంఘం భోజనాల చివర వచ్చే చల్లటి తీపి ఒక్కటే. డబ్బా మామిడి గుజ్జు, కండెన్స్‌డ్ మిల్క్, గిలకొట్టిన క్రీము కలిపి గడ్డకట్టించిన ముద్ద. దాని పేరు మ్యాంగో కుల్ఫీ. పండు మారినా పద్ధతి మారదు. సీతాఫలమైనా, సపోటా అయినా, చివరికి అల్లనేరేడైనా అదే క్రీములోకి పోతుంది. వరంగల్, జగిత్యాల, కరీంనగర్‌ల నుంచి వెళ్లినవాళ్లం పండ్ల విషయంలో ఇంత బద్ధకం చూపడం ఏం బాగాలేదు. పాలు కోరే పండు వేరు, వట్టి మంచుతో బతికే పండు వేరు, అసలు గడ్డకట్టించకూడనిది ఇంకా వేరు.

దేన్ని ఎలా చేయాలో తేల్చేది ముందుగా చక్కెర. నీళ్లు 0 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. చక్కెర కరిగితే ఆ గీత కిందికి జరుగుతుంది, కొంత నీరు గడ్డకట్టకుండా మిగిలిపోతుంది. చెంచా దిగేది ఆ మిగిలిన నీటి వల్లే. పండులో ఉన్నదీ మనం కలిపిందీ కలిసి మొత్తం బరువులో చక్కెర 25 నుంచి 30 శాతం ఉంటే మెత్తటి సార్బే, అంటే పాలు కలపని పండు మంచు, అవుతుంది. 15 నుంచి 18 శాతమైతే ఫోర్కుతో గీకితే రాలే గ్రనీటా అవుతుంది. 10కి తగ్గితే రాయి. 35 దాటితే ఇంటి ఫ్రీజర్‌లో, అంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర, ఎన్ని గంటలు పెట్టినా సరిగా గట్టిపడదు. ‘ఆరోగ్యం కోసం’ చక్కెర సగానికి తగ్గించామనేవాళ్లు తర్వాత కత్తి పట్టుకుని ఆ గిన్నెతో కుస్తీ పట్టాల్సిందే.

ఇక మామిడి. దాని గుజ్జే చిక్కన, పీచు తక్కువ, వాసన ఘాటు. పాలకొవ్వు నాలుక మీద పొరలా పేరుకుని ఆ వాసనను అణిచేస్తుంది. పైగా మామిడిలో పులుపుంటుంది. మరిగిన పాలు చల్లారకముందే గుజ్జు పోస్తే విరుగుతాయి. ఆ విరుగుడే కుల్ఫీలో రవ్వలా తగులుతుంది. అందుకే మామిడికి సార్బేనే సరైనది. బేనీషాన్ గుజ్జు 1 కిలో, చక్కెర 100 గ్రాములు, వాసనలు కలపని గ్లూకోజ్ పొడి 35 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు. గ్లూకోజ్ ఎందుకంటే, అదే బరువు చక్కెర కంటే దాదాపు రెండింతలు మెత్తబరుస్తుంది, తీపి మాత్రం తక్కువ. కలిపాక రుచి చూస్తే కాస్త ఎక్కువ తియ్యగా ఉండాలి, ఎందుకంటే చల్లబడ్డాక నాలుకకు తీపి తగ్గి తెలుస్తుంది. రసాలు రకం మామిడైతే జల్లెడలో వడకట్టక తప్పదు. లేకపోతే పీచు పళ్లల్లో ఇరుక్కుంటుంది. తొడిమ దగ్గర సొన కారిన భాగం కోసి పారేయండి.

యంత్రం లేకున్నా ఇబ్బంది లేదు. మిశ్రమాన్ని ముందు ఫ్రిజ్‌లో చల్లబరచండి. వెడల్పు పళ్లెంలో 2 సెంటీమీటర్ల మందాన పోసి, మూత పెట్టి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. పొద్దున ముక్కలు కోసి, ముందే చల్లబరిచిన మిక్సీ జార్‌లో కొన్ని కొన్నిగా వేసి ఆపి ఆపి తిప్పాలి. జార్ నింపేసి ఒకేసారి తిప్పితే కింద వేడెక్కి రసమవుతుంది, పైన ముక్కలు అలాగే ఉంటాయి. మళ్లీ డబ్బాలో నొక్కి 2 గంటలు గట్టిపరచండి. పండు దొరకక డబ్బా గుజ్జు వాడేవాళ్లు ముందు లేబుల్ చూడాలి. 850 గ్రాముల డబ్బాల్లో చాలావాటికి చక్కెర ముందే కలిపి ఉంటుంది. అలాంటప్పుడు పైన చెప్పిన కొలతలో సగంతో మొదలుపెట్టి రుచి చూస్తూ పోవాలి. నిమ్మరసం మాత్రం రెట్టింపు చేయండి.

సీతాఫలం దీనికి పూర్తిగా తలకిందులు. అది పాల కోసమే పుట్టిన పండు. వట్టిగా గడ్డకట్టిస్తే దాని వాసన చప్పబడి, గరుకు పైకి తేలుతుంది. బతుకమ్మ రోజుల్లోనే పండ్లు వస్తాయి కాబట్టి సంఘాలు చేయాల్సిన పని ఏదైనా ఉంటే ఇదే. 6 శాతం వెన్న ఉన్న పాలు 1 లీటరు తీసుకుని, సన్నటి సెగ మీద సగానికి కొంచెం ఎక్కువ మిగిలేదాకా మరిగించి, 90 గ్రాముల చక్కెర కలిపి ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లార్చండి. అమెరికా హోల్ మిల్క్‌లో వెన్న 3.25 శాతమే. అక్కడివాళ్లు 100 మిల్లీలీటర్ల హెవీ క్రీమ్ కలుపుకోవాలి. చల్లారిన ఆ పాలల్లో 400 గ్రాముల గుజ్జు వేసి గడ్డకట్టించాలి.

గుజ్జు తీయడంలోనే అందరూ దెబ్బతింటారు. మిక్సీలో వేస్తే గింజలు పగులుతాయి. అవి విషపూరితం, వాటి పొడి కంట్లో పడితే కన్నే మండిపోతుంది. పండును గిన్నెలోకి తీసి, రెండు గంటెల చల్లటి పాలు పోసి, కవ్వంతో మెల్లగా చిలికితే గుజ్జు గింజను వదిలేస్తుంది. పెద్ద కన్నాల జాలిలో వడకట్టండి. తొక్కను చెంచాతో మరీ గీకొద్దు, ఇసుకలా తగిలే గరుకంతా అక్కడే ఉంటుంది. ఇక పొయ్యి సంగతి: సీతాఫలం గుజ్జు వేడెక్కితే చేదెక్కుతుంది. పెళ్లి వంటవాళ్లలో కొందరు రబ్డీ మరుగుతుండగానే గుజ్జు వేస్తారు, తర్వాత చేదు పోవడానికి చక్కెర గుమ్మరిస్తారు. పోదు. గాలి తగిలితే నల్లబడుతుంది కాబట్టి నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి, గుజ్జును అంటుకునేలా ప్లాస్టిక్ షీట్ కప్పి ఉంచండి. విదేశాల్లో ఇండియన్ స్టోర్లలో దొరికే ఫ్రోజెన్ గుజ్జు కూడా పనికొస్తుంది. ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి, మైక్రోవేవ్‌లో కాదు.

సపోటాకూ ఇదే పద్ధతి.

అల్లనేరేడును మాత్రం పాల దగ్గరికి రానివ్వకండి. ఆ వగరు పాలతో కలిస్తే నోట్లో సున్నంలా ఉంటుంది. గ్రనీటా చేయండి: గుజ్జు 500 గ్రాములు, నీళ్లు 400 మిల్లీలీటర్లు, చక్కెర 110 గ్రాములు, పావు చెంచా నల్లుప్పు. స్టీలు పళ్లెంలో పోసి, అంచులు గట్టిపడటం మొదలైనప్పటి నుంచి అరగంటకోసారి ఫోర్కుతో గీకితే 4 గంటల్లో ఊదారంగు పొడి మంచు తయారు. పుచ్చకాయకూ గ్రనీటానే: 1 లీటరు రసానికి 90 గ్రాముల చక్కెర, నిమ్మ.

పుల్లైసు ఇంట్లో ఎందుకు కుదరదని అడిగేవాళ్లు చాలామంది. రెండుసార్లు చీకగానే రంగూ తీపీ నోట్లోకి వచ్చేసి, చేతిలో తెల్ల మంచు మిగులుతుంది. ఐసు ఫ్యాక్టరీలో అచ్చులను గడ్డకట్టని ఉప్పునీటి తొట్టెలో దించుతారు, అవి చుట్టూ నుంచి తొందరగా కడతాయి. ఇంటి ఫ్రీజర్‌లో చల్లదనం గాలి ద్వారా మెల్లగా అందుతుంది, మంచు పలుకులు పెద్దవై పాకాన్ని పక్కకు తోసేస్తాయి. సన్నటి అచ్చులు వాడండి, మిశ్రమాన్ని ముందే చల్లబరచండి, లీటరుకు ఒక చెంచా మొక్కజొన్న పిండి నీళ్లలో ఉడికించి కలపండి. జామ గుజ్జు అయితే పిండి కూడా అక్కర్లేదు, దానికదే చిక్కన. కాస్త ఉప్పూ కారం వేస్తే మెక్సికోవాళ్ల పుల్లైసు పలేటాకు ఏమాత్రం తీసిపోదు.

బరఫ్ గోలాను చిన్నచూపు చూడకూడదు. పచ్చిమామిడి పుల్లదనాన్ని అంత బాగా మోసేది ఇంకోటి లేదు. ఉడికించిన పచ్చిమామిడి గుజ్జు 500 గ్రాములు, చక్కెర 600, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి. ఈ పాకం ఫ్రిజ్‌లోంచి తీసిందై ఉండాలి. పల్చగా, గది వేడిలో ఉంటే మంచును కరిగించుకుంటూ గ్లాసు అడుగుకు జారిపోతుంది. ఐసు గడ్డను ఫ్రీజర్‌లోంచి తీసి, పైన తెల్లటి పొర పోయి నిగనిగలాడేదాకా ఆగి అప్పుడు చెక్కితే పొరలుపొరలుగా వస్తుంది. వెంటనే చెక్కితే గులకరాళ్లే. సెలవులకు పిల్లలతో హన్మకొండ వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక: గడ్డకట్టినంత మాత్రాన టైఫాయిడ్, కామెర్ల క్రిములు చావవు. ఏ నీళ్లతో చేసిన ఐసో తెలిస్తేనే తినిపించండి.

తాటిముంజలు గడ్డకట్టించకండి. లోపలి జెల్లీని మంచు పలుకులు చీల్చేస్తాయి, కరిగాక నీరు కారి రబ్బరులా మిగులుతాయి. చల్లటి ముంజలను గోలా మీద పేరిస్తే చాలు.

కొనేవాళ్లకు: అమెరికాలో షెర్బెట్ అని రాసి ఉన్నదాంట్లో 1 నుంచి 2 శాతం పాలకొవ్వు ఉండాలని చట్టం. పాలు పడనివాళ్లు పండు మంచే కదా అని మోసపోవద్దు. ఇండియాలో ఐస్‌క్రీమ్‌కు 10 శాతం పాలకొవ్వు ఉండాలి. ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అందులోది వంటనూనె.

వందమందికి తలా 80 గ్రాముల మామిడి సార్బే అంటే 7 కిలోల గుజ్జు, దానికి సుమారు 12 కిలోల పండ్లు. హాలుకు తీసుకెళ్లేటప్పుడు డబ్బాను మామూలు ఐసు మధ్య పెడితే కరుగుతుంది. ఆ ఐసు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది, సార్బే అంతకంటే చల్లగా ఉన్నప్పుడే కరగడం మొదలవుతుంది. 3 కిలోల ఐసుకు 1 కిలో ఉప్పు కలిపి చుట్టూ నింపండి, మూతలోకి ఉప్పునీరు చేరకుండా టేపు వేయండి. అప్పటికీ కరిగితే తిరిగి ఫ్రీజర్‌లో పెట్టొద్దు, పలుకులు కడుతుంది. సోడా పోసి గ్లాసుల్లో పంచేయండి.