ఇంటి బీరు: డబ్బు పెట్టాల్సిన చోటు పొయ్యి మీద లేదు

అమెరికాలో ఇంట్లో బీరు తయారీ మొదలుపెట్టేవారి చూపు ముందు పెద్ద స్టీలు పాత్ర మీదే పడుతుంది. ఇప్పుడు వేడిని తామే చూసుకుంటూ, పంపుతో ద్రవాన్ని తిప్పే ఎలక్ట్రిక్ యంత్రాలూ వందల డాలర్లకు అమ్ముడవుతున్నాయి. ఆ ఖర్చు తప్పు చోట పడుతోందని నా గట్టి నమ్మకం. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి తీసిన ద్రవం పది నిమిషాలు ఎక్కువ మరిగినా, చేదు, వాసనల కోసం వేసే హాప్స్ పూలు కాస్త తగ్గినా బీరు తాగేలాగే ఉంటుంది. ఆ ద్రవం చల్లారాక, ఈస్ట్ (చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి) వేసి పులియబెట్టేటప్పుడు జరిగే పొరపాటును మాత్రం ఏ యంత్రమూ దిద్దలేదు.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఉష్ణోగ్రత. చలిదేశాల్లోని తెలుగువారు దోసె పిండి పులవడానికి వెచ్చని చోటు వెతుక్కుంటారు. బీరుకు కావలసింది చల్లదనం. ఎయిల్ అనే బీరు రకాలకు వాడే ఈస్ట్‌లో చాలావాటికి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది, లాగర్ అనే మరో రకానికి 10 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. పైగా పులిసేటప్పుడు ఈస్టే వేడి పుట్టిస్తుంది కాబట్టి గది కన్నా లోపలి ద్రవం కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. మొదటి రెండు మూడు రోజుల్లో ఆ వేడి అదుపు తప్పితే గొంతు మండించే ఘాటు వచ్చేస్తుంది, తరువాత ఎంత చల్లబరిచినా అది పోదు. బీరు పులిసే డబ్బాను నీళ్ల తొట్టిలో పెట్టి, వేసవిలో మన కుండకు చుట్టినట్టే తడిగుడ్డ చుట్టడం పాత పద్ధతి. ఖర్చు లేనిదే అయినా బాగా పనిచేస్తుంది.

శుభ్రత సంగతి అందరూ చెప్పేదే. సబ్బుతో కడగడం వేరు, సూక్ష్మజీవుల్ని తగ్గించే ద్రావణంతో తడపడం వేరు. రెండూ చేయాలి.

ద్రవ సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ చిన్న గాజు గొట్టమే, కానీ అది లేకుండా సీసాల్లో నింపడం ప్రమాదం. నీటితో పోల్చిన ద్రవ సాంద్రత మొదట 1.050 ఉండి 1.010కి దిగితే ఆల్కహాల్ 5 శాతానికి కాస్త పైన ఉన్నట్టు. వరుసగా కొన్ని రోజులు అంకె కదలకపోతేనే పులవడం పూర్తయిందని నమ్మాలి. తొందరపడి మూత బిగిస్తే లోపల వాయువు పెరిగి సీసా పేలిపోతుంది.

ఈ సామగ్రి బజారుకు రావడంలో చట్టం పాత్ర పెద్దది. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంటి వైన్‌కు దొరికిన వెసులుబాటు బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ లోటు తీరింది. ఒక్కరే పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు పరిమితి. అయినా రాష్ట్రాల అనుమతి కావలసి రావడంతో మిసిసిపీ, అలబామా 2013 దాకా ఆగాయి. చాటుగా చేసే పనికి సరైన కొలతలు, తాజా సరుకు దొరకడం కష్టం. చట్టం ఒప్పుకున్నాక రకం పేరుతో, తేదీతో ఈస్ట్ అమ్మే దుకాణాలు పెరిగాయి. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టాల కింద నేరం. అందువల్ల ఈ మాటలు అనుమతి ఉన్న దేశాల్లో స్థిరపడినవారికే.

కొత్తవారు 19 లీటర్లు పట్టే సాదా ప్లాస్టిక్ డబ్బాతో మొదలుపెట్టవచ్చు. డబ్బు మిగిలితే ఒక పాత ఫ్రిజ్, దాన్ని నిర్ణీత డిగ్రీల దగ్గర ఆపి నడిపే చిన్న కంట్రోలర్ కొనాలి. మెరిసే పాత్ర సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.