పంది ఎవరిదైతే సాయం వారిదేనా?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మనుషులకన్నా పందులే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే నోబుల్స్ కౌంటీలో నేను వైద్యుడిగా పనిచేస్తున్నాను. కరోనా సమయంలో ఇక్కడి వ్యవసాయానికి ప్రభుత్వం ఇచ్చిన సాయం గురించి చాలాకాలంగా నా మనసులో ఉన్న మాట ఈరోజు రాస్తున్నాను.

2020 ఏప్రిల్ 20న వర్తింగ్టన్ పట్టణంలోని పంది మాంసం కర్మాగారం, అందులోని కార్మికులకు కరోనా సోకడంతో మూతపడింది. రోజుకు సుమారు 20,000 పందులు అక్కడికి చేరేవి. అవన్నీ ఒక్కసారిగా షెడ్లలోనే నిలిచిపోయాయి. పందులకు ఎదుగుదల ఆగదు, దాణా ఆపలేము, వెనుక వచ్చే పిల్లలకు చోటు కావాలి. చివరికి చేతికందిన పందులను మాంసానికి కాకుండా చంపి పారవేయడానికే ఆ నెలాఖరులో కర్మాగారాన్ని పాక్షికంగా తెరిచారు.

అప్పటికే ఏప్రిల్ 17న కేంద్ర వ్యవసాయ శాఖ 1,900 కోట్ల డాలర్ల సహాయాన్ని ప్రకటించింది. అందులో 1,600 కోట్లు నేరుగా రైతులకు ఇచ్చేవి. మే 26 నుంచి కౌంటీ కార్యాలయాలు దరఖాస్తులు తీసుకున్నాయి. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపు అమ్మిన పెద్ద పందికి 18 డాలర్లు, చిన్నదానికి 28 డాలర్లు, ఆ తర్వాత షెడ్డులో మిగిలిన ఒక్కొక్క పందికి 17 డాలర్లు చొప్పున లెక్కకట్టారు. ఇంత వేగంగా డబ్బు పంపిణీ చేయడాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నా అభ్యంతరమంతా ఆ డబ్బు ఎవరి పేరున వెళ్లిందన్న దాని గురించే.

మన ఊళ్లలో బ్రాయిలర్ కోళ్లను పెంచేవారికి ఈ పద్ధతి వివరించనక్కరలేదు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు బిల్లు, బ్యాంకు అప్పు, రాత్రింబగళ్ల చాకిరీ రైతువి. ఇక్కడి పందుల పెంపకం చాలావరకు అలాగే సాగుతుంది. ధర పడిపోతే నష్టపోయేది పంది యజమాని కాబట్టి సాయం కూడా అతనికే అన్నారు. పందులను చంపేశాక షెడ్డు ఖాళీగా ఉన్నన్నాళ్లూ పెంపకం కూలి రాని మనిషికి మాత్రం, పంది తనది కాదు కాబట్టి, ఆ మొదటి విడతలో పైసా రాలేదు. పైగా వ్యక్తికి రెండున్నర లక్షల డాలర్లన్న పరిమితి, పనిలో పాలుపంచుకునే వాటాదారులు ముగ్గురున్న సంస్థకు ఏడున్నర లక్షల వరకు పెరిగింది. భూమి యజమాని ఖాతాలో రైతుబంధు పడినప్పుడు కౌలు రైతు పక్కన నిలబడి చూసిన తెలంగాణ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి, ఇది నాకు మరింత బాధ కలిగించింది.

ఆ వేసవిలో రక్తపోటు పరీక్షకు వచ్చిన ఒక పెంపకందారు తన షెడ్డు ఫోటో చూపించాడు. 2,400 పందులు పట్టే షెడ్డు. కడిగిన సిమెంటు నేల, వరుసగా ఖాళీ దాణా తొట్లు. అప్పు వాయిదా మాత్రం ఆ నెలా కట్టాల్సిందేనన్నాడు. మందు మోతాదు పెంచడం తప్ప అతనికి నేను చేయగలిగింది లేకపోయింది.

కాంట్రాక్టు పెంపకందారులకు సాయం చేసేందుకు అనుమతించే చట్టంపై 2020 డిసెంబరు 27న సంతకమైంది. అయినా వారి దరఖాస్తులకు తుది గడువు 2021 అక్టోబరు 12 దాకా సాగింది. ఆదాయం ఎంత తగ్గిందో అంతకుముందు ఏడాది లెక్కలతో పోల్చి చూపించాలన్నారు. పంది యజమానికి కొన్ని వారాల్లో జరిగిన పని, పంది పెంచినవాడికి జరగడానికి ఏడాదికి పైగా ఎందుకు పట్టాలి? ఏ షెడ్డులో ఎన్ని పందులకు చోటుందో, ఎన్నాళ్లు ఖాళీగా ఉందో ఒప్పంద పత్రాల్లోనే ఉంటుంది. మొదటి రోజే ఆ పత్రాలు అడిగి ఉంటే సరిపోయేది.

అదే కర్మాగారంలో భుజం భుజం రాసుకుంటూ నిలబడి మాంసం కోసి, జ్వరంతో నా దగ్గరికి వచ్చిన కార్మికులున్నారు. అటువంటివారి కోసం ప్రభుత్వం తర్వాత ప్రకటించిన సాయం మనిషికి 600 డాలర్లు.